పొట్టి కాడ

“చారు ఇంకొంచెం పొయ్యి. రేపు ఆఫీసరు అడిగితే, బోరింగు ఎండాకాలంలోనే ఎండిపోయిందని చెప్పు.”

రెండు మాటలూ ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో అన్నాడు వెంకటముని. మొదటి మాటకు ప్రమీల చెయ్యి గరిటె మీదికి దానంతట అదే పోయింది. రెండో మాటకు ఆగింది. ఆగిన సంగతి ఆయన చూశాడేమోనని గబగబా చారు పోసింది, కొంచెం కంచం అంచు దాటి నేల మీద పడింది. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన పద్ధతి. “మీ ఆయన దేవుడమ్మా టీచరమ్మా, చెయ్యెత్తడు, గొంతెత్తడు” అంటారు ఊళ్లో ఆడవాళ్లు. నిజమే, ఎత్తడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క దెబ్బ వేసిన పాపాన పోలేదు. కానీ ఆయన మాట్లాడకుండా లేచి చెయ్యి కడుక్కుంటే చాలు, ఆమెకు భయం. ఇప్పుడు ఏం చేస్తాడో తెలియదు. ఎప్పుడు చేస్తాడో అసలే తెలియదు. గొంతెత్తే మొగుడైతే ఆ అరుపుతో అయిపోయిందని ఊపిరి పీల్చుకోవచ్చు. ఈయన దగ్గర ఆ వసతి కూడా లేదు.

ఆ భయం మొదలైంది కుప్పం వెళ్లి వచ్చినప్పుడు. పోయిన ఏడు కుప్పంలో టీచర్లకు శిక్షణ పెట్టారు, బడితోట పెంచుతూ పిల్లలకు నీళ్ల పొదుపు ఎలా నేర్పాలో చెప్పడానికి. మండలం నుంచి ప్రమీలను పంపారు. ముందే ఆయనకు చెప్పింది. ఆయన “ఊఁ” అన్నాడు. ఆ ఊఁకు అర్థం సరే అని కాదని తిరిగి వచ్చాక తెలిసింది. ఇంట్లో రమ్యశ్రీ లేదు. “పాప ఏది అత్తా?” అంటే సావిత్రమ్మ రాగులు చెరుగుతూ తలెత్తకుండా, “పలమనేర్లో వాళ్లత్త కాడ ఇడిసిపెట్టి వచ్చినాడు. తల్లి ఊళ్లు తిరుగుతాంటే బిడ్డను ఎవురు సూస్తారు?” అంది. రెండో తరగతి బిడ్డ. తల్లి పక్కన తప్ప నిద్రపోని బిడ్డ. ఆయన్ని అడిగితే చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, చాలా నిదానంగా, “నువ్వు యాడికైనా పో. ఉద్యోగమున్నదానివి, నీకేం. బిడ్డ మాత్రం ఈ ఇంటిది” అన్నాడు. పాపను ఎప్పుడు తెస్తావని ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే ఇంకా ఆలస్యం చేస్తాడని భయం. పాప వచ్చింది, కొన్నాళ్లు తల్లి కొంగు చేతికి చుట్టుకొని పడుకుంది, తర్వాత మరిచిపోయింది. తల్లి మరిచిపోలేదు. బడి గంట కొట్టగానే రమ్య ముందుగా ఇంటికి పరుగెత్తేది, ప్రమీల గదులకు తాళాలు వేసుకొని వెనక వచ్చేది. వచ్చేటప్పుడు వీధి మొగలోంచే ఆమె కళ్లు గుమ్మం దగ్గర పాప చెప్పులను వెతికేవి. చెప్పులు కనిపిస్తే కాళ్లలోకి బలం వచ్చేది.

కుప్పంలో నేర్చుకున్నది మాత్రం వృథా పోలేదు. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో రోడ్డుకు కొంచెం ఎడంగా ఉంటుంది వాళ్ల ఊరు. వానలు మొహం చాటేసిన కాలం అది. బడి వెనక రాళ్లు తేలిన నేలలో ఒక తోట లేపింది ప్రమీల, పిల్లలతో. పుంగనూరు సంతలో కాల్చిన మట్టి కుండలు కొనుక్కొచ్చి, మొక్కల మధ్య మెడ దాకా పూడ్చిపెట్టి, నీళ్లు నింపి మూత పెట్టించింది. కుండ చెమ్మ మెల్లగా వేళ్లకు అందుతుంది, ఎండకు ఆవిరి కాదు. మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు చేతులు, కంచాలు కడుక్కున్న నీళ్లు చిన్న కాలవలో పడి ఆ తోటకే పోయేవి. టమాటా, వంగ, గోరుచిక్కుడు, గోడ వారన మునగ. పిల్లలకు అదొక ఆట. కడిగిన నీళ్లు ఎవరు ఎక్కువ పారబోశారో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పేవాళ్లు.

నీళ్ల పాఠం ఇంత బాగా చెప్పే టీచరమ్మ ఇంట్లో ఆ పాఠం ఒక్కరికీ చెప్పలేదు. ఇంట్లో నీళ్లంటే ఆమె నడుము, ఆమె చెయ్యి. తెల్లారకముందే ట్యాంకు దగ్గర బిందెలు పట్టి తొట్టి నింపేది ఆమె. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, కూరలు కడిగిన నీళ్లు జామచెట్టుకు పోసేది ఆమె. ఆయన స్నానానికి కూర్చుంటే చెంబు తర్వాత చెంబు గుమ్మరించుకొని, ఖాళీ అయిన బక్కెట్టును గోడకు తట్టేవాడు. ఆ చప్పుడు వినగానే ఇంకో బిందె మోసుకుపోవాలి. ఒకసారి నోరు జారి, “కొంచెం చూసి వాడుకోండి, ట్యాంకు దగ్గర గొడవగా ఉంది” అంది. ఆయన నవ్వాడు. “నేను పిల్లకాయనా, నాకు పాఠం చెప్పేదానికి?” అన్నాడు. సావిత్రమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులు ఇద్దరికీ అంతటితో అయిపోయాయి. ఆమెకు బిందె ఎత్తుకున్న ప్రతిసారీ గుర్తొచ్చేవి.

బోరింగు సంగతికి వస్తే, అది ఎండింది ఒక్క రోజులోనే, ఆ రోజుకు సాక్షి ప్రమీల.

బడి ముందు చేతిపంపు ఉండేది. అందరూ దాన్ని బోరింగు అంటారు. బడి పిల్లలకూ, ఆ పక్క వీధికీ, సాయంత్రం మళ్లే గొర్రెలకూ అదే ఆధారం. బడి గోడ అవతలే వెంకటముని చేను. మల్బరీ తోట ఎండిపోతోందని ఆ ఏడు బోర్లు వేయించడం మొదలుపెట్టాడు. రెండు బోర్లలో దుమ్మే లేచింది. రెండోదాని రోజు బోరు బండి వాళ్లకు కాఫీ తీసుకుపోయింది ప్రమీల. ఆ సాయంత్రమే నెలసరి వచ్చి ఆమె బయట చేరింది. అంతే, సావిత్రమ్మకు కారణం దొరికింది. “ఆ టయాంలో ఈ యమ్మ నీడ పడినాక గంగమ్మ నిలుస్తాదా? పక్కకు తిరుక్కోని పోయింది తల్లి” అని ఊరంతా చెప్పింది. నీళ్ల పాయింటు చూసిన పెద్దమనిషి చేతిలో కొబ్బరికాయ నిలబడిందట, బండరాయి అడ్డం వచ్చిందట, ఇవేవీ తప్పులు కాలేదు. లోపల రాయి ఉండటానికి కూడా కోడలి ఒళ్లే కారణమైంది. ప్రమీల బియ్యెస్సీ చదివింది. ఇదంతా తప్పని తెలుసు. తెలిసినా, ఆ వారం ఇంట్లో తలెత్తి నడవలేకపోయింది. చదువు బుర్రలో ఉంటే సిగ్గు ఒంట్లో ఉంటుంది కాబోలు.

మూడో బోరు శ్రావణంలో వేశారు, బడి గోడకు బాగా దగ్గరగా. ఆ రోజుకు మళ్లీ ఆమె బయటే ఉంది. పొద్దున్నే సావిత్రమ్మ వాకిట్లో నిలబడి, “చేని గట్టు తొక్కొద్దమ్మా, గొర్రెల దొడ్ల ఎనక నుంచి సుట్టుకోని ఇస్కూలుకు పో. బండి పొయ్యేదాకా ఈ పక్క సూడొద్దు” అంది. రమ్యతో సహా ఇంటిల్లిపాదీ పట్టుబట్టలతో పూజకు పోతే, ఆమె ముళ్లదారి పట్టుకొని చుట్టు తిరిగి బడికి పోయింది. జీతమొచ్చే చోటికి పోవడానికి ఏ మైలా అడ్డం రాదు, చేని గట్టు మీదే వస్తుంది.

పొద్దుటి నుంచి గోడ అవతల బోరు బండి రొద. పిల్లలకు పాఠం వినిపించలేదు. మధ్యాహ్నం తిన్నాక అందరూ చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గర చేరారు. నాలుగో తరగతి చెంగమ్మ పిడి కొడుతోంది. గొర్రెల చెంగయ్య మనవరాలు, అవ్వ పేరు పెట్టుకున్న పిల్ల. ఉన్నట్టుండి బోరింగు నుంచి తెల్లటి నీళ్లు వచ్చాయి, రాతి పిండి కలిపినట్టు. తర్వాత బుసబుసమని గాలి. తర్వాత ఏమీ లేదు. పిడి తేలికైపోయి చెంగమ్మ చేతిలో ఊరికే పైకీ కిందికీ ఆడింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల ఈలలు, కేకలు. “నీళ్లు పడినాయి, నీళ్లు పడినాయి” అని. పిల్లలంతా గోడెక్కారు, కొబ్బరిచెట్టంత ఎత్తు లేస్తున్న నీళ్లు చూడటానికి. బోరింగు దగ్గర మిగిలింది చెంగమ్మా, టీచరూ.

“టీచర్, ఇది నీళ్లు మింగేసి ఊపిరి ఇడుస్తాండాది” అంది చెంగమ్మ.

ప్రమీలకు అర్థమైంది. అర్థమైనందుకే భయమేసింది. ఆ రోజు నుంచి బోరింగులో చుక్క రాలేదు.

వెంకటముని మంచివాడు కదా, వారం తిరగకముందే తన బోరు నుంచి బడికి పైపు వేయించాడు. ఊరంతా మెచ్చుకుంది. కరెంటు ఉన్నప్పుడు కొళాయికి నీళ్లొచ్చేవి. వాల్వు మాత్రం ఆయన చేనిలో, ఆయన చేతిలో. ఒకరోజు పుంగనూరులో మీటింగు అయ్యి ప్రమీల ఇల్లు చేరేసరికి పొద్దుపోయింది, వంట ఆలస్యమైంది. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు బడి కొళాయి రాలేదు. పిల్లలు ఎంగిలి కంచాలు పట్టుకొని, వేళ్లకు అన్నం ఎండిపోతూ వరసగా నిలబడ్డారు. “కరెంటు లేదేమో టీచర్” అన్నారు. చేనిలో మోటరు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ సాయంత్రం ఆయన అడగకముందే కాఫీ ఇచ్చింది, ఆయనకిష్టమని ఉలవచారు చేసింది. తెల్లారి కొళాయి వచ్చింది. ఇంట్లో తనను నడిపించే తాడు బడి దాకా పొడుగైందని, దాని చివర పిల్లలు కూడా ఉన్నారని అప్పుడు తెలిసింది ఆమెకు. కొళాయి రాకపోయినా తోట మాత్రం వాడిపోలేదు. కుండల్లో ఉన్నదే తాగి నిలబడింది.

ఆ తర్వాతే ఆ పాఠం. కుప్పంలో నేర్పినదే, పోయిన ఏడు కూడా చెప్పిందే. బేసిన్లో గులకరాళ్లు పోసి నీళ్లు నింపి, రెండు బొప్పాయి కాడలు గుచ్చాలి, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పొడుగు కాడతో పీల్చి ఉమ్ముతూ ఉంటే కాసేపటికి పొట్టి కాడకు గాలే వస్తుంది. పిల్లలు వంతులేసుకొని పీల్చారు, నవ్వుకున్నారు. చెంగమ్మ నవ్వలేదు. లేచి నిలబడి, “టీచర్, మన బోరింగు పొట్టి కాడ గదా. పొడుగు కాడ ఎవురిది?” అంది.

ఆ రోజు అన్ని తరగతులనూ కలిపి కూర్చోబెట్టింది. మూడో వరసలో రమ్య కూడా తల్లి వైపు చూసింది. ప్రమీల నల్లబల్ల వైపు తిరిగి, “లెక్కల పుస్తకాలు తీయండి” అంది. చెంగమ్మ కూర్చుంది. ఆ పిల్ల మళ్లీ ఏ ప్రశ్నా అడగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. అంతకుముందు వద్దన్నా వినకుండా అడిగే పిల్ల.

పిల్ల ఊరుకున్నా తాత ఊరుకోలేదు. ఊరి మీటింగుకు అధికారులు వచ్చినప్పుడు చెంగయ్య కర్ర ఆనించుకొని లేచాడు. “తాగే నీళ్ల బోరింగు పక్కన అంత దగ్గర్లో బోరు ఎయ్యకూడదంట గదా సార్, చట్టం వచ్చిందంట గదా. మా గొర్రెలకు, బిడ్డలకు యాడ పోవల్ల?” అన్నాడు. విచారణకు మదనపల్లె నుంచి ఆఫీసరు వస్తారన్నారు. బడితోటను కూడా అప్పుడే చూస్తారన్నారు. బోరింగు ముందే ఎండిపోయి ఉంటే వెంకటముని తప్పు లేదు. బోరు వల్ల ఎండిపోయి ఉంటే బోరుకు సీలు వేస్తారు. ఎప్పుడు ఎండిందో చెప్పాల్సింది బడి టీచరు. అదీ చారు పోస్తున్నప్పుడు ఆయన అన్న మాట వెనక కథ.

తినడం అయ్యాక ఆయన వసారాలో మోటారు సైకిలు ట్యాంకు మీద రమ్యను కూర్చోబెట్టుకొని ఏదో చెబుతున్నాడు. పాప మళ్లీ చెబుతోంది. పద్యం కాబోలు అనుకుంది ప్రమీల. అంట్లు తోముతూ, ఒక్క మాటే కదా అని తనకు తాను చెప్పుకుంది. ఎండాకాలంలోనే ఎండిపోయింది సార్. ఇందులో ఎవరి ప్రాణం పోతుంది? పైపు ఉండనే ఉంది. మల్బరీ పోతే ఇల్లు గడవదు, అది తన ఇల్లు కూడా. ఇన్నేళ్లుగా ఎన్ని చెప్పలేదు? బాగున్నానని అమ్మకు చెప్పలేదా, సెలవు దొరక్క రాలేదని, ఉలవచారు తనకూ ఇష్టమని? ఇంకొక్కటి. గిన్నె కడిగిన నీళ్లు అలవాటుగా పక్క బక్కెట్టులో పోసింది. ఆ బక్కెట్టు తీసుకెళ్లి జామచెట్టు పాదులో గుమ్మరించింది.

పొద్దున మోటారు సైకిలు హ్యాండిలుకు ఒక సంచి వేలాడుతోంది. ముట్టుకోకుండానే తెలిసింది. అయినా తెరిచి చూసింది. రమ్య గౌన్లు, దువ్వెన, పూల రిబ్బన్లు.

“సాయంత్రం అక్క కాడికి పిలుచుకోని పోతా. రేపట్నుంచి దసరా సెలవులు గదా” అన్నాడాయన, అద్దంలో తల దువ్వుకుంటూ. “నువ్వు ఆఫీసరుతో బాగా మాట్లాడు. ఆయన పోయినాక పాప పొయ్యేదా ఉండేదా సూస్తాం.”

ఆయన మొహంలో కోపం లేదు. ఆయన లోపలికి పోయి చొక్కా వేసుకునేలోగా ప్రమీల ఆ సంచి తీసి భుజాన వేసుకొని, రమ్య చెయ్యి పట్టుకొని బడికి బయల్దేరింది. ఎందుకు తీసుకుందో ఆమెకు తెలియదు. సంచి కనిపించకపోతే వెతుకుతాడని, అడుగుతాడని తెలుసు. బడిలో సంచిని బల్ల కింద, నల్లబల్ల తుడిచే గుడ్డల వెనక పెట్టింది.

జీపు వచ్చింది. ఆఫీసరు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. వెంకటముని తెల్ల చొక్కాలో పక్కనే నడుస్తున్నాడు. ఊరివాళ్లు గోడ వారన నిలబడ్డారు, చెంగయ్య అందరికీ వెనక. ఆఫీసరు తోట చూసి సంతోషించాడు. కుండ మూత తీసి లోపలికి తొంగి చూశాడు. వంకాయలు తడిమాడు. “ఇంత కరువులో ఎట్లా పెంచారు టీచరుగారూ?” అన్నాడు. ఆమె ఏదో చెప్పింది, ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. వసారాలో బేసిను, అందులో రెండు కాడలు చూసి, “ఇదేమిటమ్మా?” అని దగ్గరున్న చెంగమ్మను అడిగాడు.

చెంగమ్మ టీచరు మొహం చూసింది. తర్వాత తల వంచుకొని, కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ, “ఏమీ లేదు సార్” అంది.

ఆ వంగిన మెడ, ఆ బొటనవేలు ప్రమీలకు తెలుసు. అత్త ముందు, ఆయన ముందు తాను నిలబడేది అలాగే. తన పాఠాల్లో ఏది వచ్చినా రాకపోయినా, ఇది మాత్రం పిల్ల తప్పు లేకుండా నేర్చుకుంది.

“సరే, బోరింగు ఎప్పుడు ఎండిపోయింది?” అన్నాడు ఆఫీసరు, పిల్లలందరి వైపూ చూసి.

వెంకటముని చిన్నగా దగ్గాడు. వరసలోంచి రమ్యశ్రీ ఒక అడుగు ముందుకు వేసింది. చేతులు కట్టుకొని, పద్యం అప్పజెప్పినట్టు, గొంతు విప్పి, “ఎండాకాలంలోనే ఎండిపోయింది సార్. మా నాయన బోరు తర్వాత ఏసినాడు సార్” అంది. చెప్పి తండ్రి వైపు చూసింది, బాగా చెప్పానా అన్నట్టు. తర్వాత తల్లి వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది. ఎనిమిదేళ్ల బిడ్డ కళ్లలో ఉండాల్సిన భయం కాదు అది, ప్రమీల ఇన్నాళ్లుగా మోస్తున్న భయమే. బిడ్డను పలమనేరు పంపకుండా కాపాడుకుంటున్నాననుకుంది ఇన్నాళ్లూ. ఆయన బిడ్డను ఎక్కడికీ పంపనక్కర్లేకుండా, ఇంట్లోనే, తన కళ్ల ముందే తీసేసుకుంటున్నాడు.

“టీచరుగారూ, పాప చెప్పింది నిజమేనా?” అన్నాడు ఆఫీసరు.

భయం పోలేదు. ఆ భయంతోనే రమ్యను దగ్గరకు లాక్కుంది. గోడ మీదుగా చేనిలో ఆడవాళ్లతో వచ్చి నిలబడిన అత్త కనిపిస్తోంది. భర్త నిదానంగా చేతి గడియారం తిప్పుకుంటున్నాడు.

“తప్పు సార్. పాపకు తెలీదు. శ్రావణంలో, మా బోర్లో నీళ్లు పడినప్పుడే బోరింగు ఎండింది. తెల్ల నీళ్లు వచ్చినాయి, గాలి వచ్చింది, అంతే.”

“ఆమెకేం తెలుసు సార్” అన్నాడు వెంకటముని నవ్వుతూ. “ఇంటి ఆడమనిషి. బోరేసిన పొద్దు పూజలో ఉన్నింది మాతో.”

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. గోడ అవతల నుంచి సావిత్రమ్మ కూడా చూస్తోంది. ప్రమీల చెంగమ్మను చూసింది. పిల్ల తలెత్తింది.

“లేను సార్” అంది ప్రమీల, గోడ అవతలికి కూడా వినిపించేలా. “ఆ పొద్దు నేను ముట్టయి ఉన్నాను. బోరు కాడికి రావద్దని నన్ను ఈడికి తరిమినారు. అందుకే ఆ పొద్దు మా ఇంటోళ్లలో బోరింగు కాడ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.”